పెంకుటింటి జీర్ణోద్ధరణ

నూజివీడు మామిడి ప్రాంతంలో, రెడ్డిగూడెం చుట్టుపక్కల ఊళ్లలో, పాతకాలపు పెంకుటిల్లు ఒక్కరి చేతిలో మిగలడం తక్కువ. ముత్తాత కట్టిన మండువా ఇల్లు తాతల నాడు పంపకాలకొస్తుంది. నడిమధ్య గోడ లేచి రెండు వాటాలవుతుంది, తండ్రుల నాటికి మూడో నాలుగో అవుతుంది. వీధిలో నిలబడి చూస్తే ఒకటే చూరు, ఒకటే అరుగు, పక్కపక్కన మూడు గుమ్మాలు. లోపల ఎవరి పొయ్యి వారిది, ఎవరి దేవుడి గూడు వారిది, గోడ మాత్రం ఇద్దరిదీ. అగ్రహారాల్లోనైతే మొదటి నుంచీ ఇళ్లను గోడకు గోడ ఆనించే కట్టారు. ఇప్పుడు ఆ వాటాల్లో మిగిలిన పెద్దవాళ్లకు మోకాళ్లు సహకరించవు. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. వానొస్తే వంటింట్లో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి. బెజవాడలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డ పిల్లలు పండక్కి కలిసినప్పుడల్లా అదే మాట: బాగుచేయిద్దామా, పడగొట్టి స్లాబు వేద్దామా, ఉన్నన్నాళ్లు ఉండనిద్దామా? పైకి ఇది డబ్బు లెక్కలాగే ఉంటుంది. దాని అడుగున ఉన్నది ధర్మసందేహం. పెద్దలు కట్టి, అందులోనే పురుళ్లు పోసి, పెళ్లిళ్లు చేసి, ప్రాణం విడిచిన ఇంటిని మన సౌకర్యం కోసం మార్చే అధికారం మనకుందా? ఉంటే ఎంతవరకు?

నా జవాబు ఇది. మార్చే అధికారం ఉంది, చాలాచోట్ల మార్చాల్సిన బాధ్యతా ఉంది. అయితే ఎంతవరకు అన్నదానికి కొలత ఇంటి ఆకారంలో దొరకదు, దిక్కుల్లోనూ దొరకదు. ఆ ఇల్లు ఎవరికి నీడనిచ్చింది, ఎవరిని బయట నిలబెట్టింది, ఎవరి ఒంటిని అరగదీసింది అని అడిగితే దొరుకుతుంది. నీడనిచ్చినదాన్ని నిలుపుకోవాలి. మనుషుల్ని నొప్పించినదాన్ని మార్చి తీరాలి. ఈ రెండో పని వదిలేసి మొదటిది ఎంత ముచ్చటగా చేసినా దాన్ని నేను జీర్ణోద్ధరణ అనను.

ముందు ఆకారం సంగతి చూద్దాం. పెద్దలు కట్టింది కట్టినట్టే ఉండాలన్న పట్టుదలకు మన మతంలో ఆధారం దొరకదు. దేవుడి ఇంటి విషయంలోనే మనం ఆ పట్టు పట్టలేదు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరుగుతుంది. 2018 ఆగస్టులో జరిగింది. మూలమూర్తిలోని శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, తాత్కాలికంగా ఏర్పరచిన బాలాలయంలో ఉంచి, గర్భాలయంలో మరమ్మతులు చేసి, పీఠానికీ మూర్తికీ మధ్య అష్టబంధనం మళ్లీ పట్టించి, ఆ శక్తిని తిరిగి మూర్తిలోకి చేరుస్తారు. రాయి అరుగుతుంది, బంధం సడలుతుంది, సరిచేయకుండా వదిలేయడమే అపచారమని ఆగమం ఉద్దేశం. పూరీలో ఇంకా ముందుకు వెళ్లారు. 2015 నవకళేబరంలో జగన్నాథ, బలభద్ర, సుభద్ర, సుదర్శన మూర్తుల దారు దేహాలనే కొత్త వేపమాన్లతో చేసి, పాతవాటిని కోయిలి వైకుంఠంలో పాతిపెట్టారు. దేవుడి దేహమే మార్చగలిగినప్పుడు తాతగారి తాటిదూలం మార్చకూడదని ఏ శాస్త్రం అడ్డుపడుతుంది? గుడికి మంత్రముంది, ఇంటికేముంది అని అడగవచ్చు. ఇంటికీ ఉంది. గృహప్రవేశం నాడు వాస్తుహోమం చేసేది ఇంట్లో ఇటుకా సున్నం కాక ఇంకేదో ఉంటుందన్న నమ్మకంతోనే. ఆ ఉన్నది గోడలకు అతుక్కుని ఉండదని, పక్కకు జరిపి మళ్లీ తెచ్చుకోవచ్చని బాలాలయం మనకు ఏనాడో చూపించింది.

కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న అమరావతి మరో సాక్ష్యం. అక్కడి మహాచైత్యాన్ని కొన్ని వందల ఏళ్లపాటు పెంచుతూ, మారుస్తూ వచ్చారు. దాని పలక ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండు వైపులా శిల్పమున్న పలక అది. పాత వైపున బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. చాలాకాలం తర్వాత వచ్చిన శిల్పులు ఆ పలకను వెనక్కి తిప్పి, రెండో వైపున సకల అలంకారాలతో స్తూపాన్నే చెక్కారు. ముందు తరం పని కనిపించకుండా లోపలి వైపుకు వెళ్లిపోయింది. అయినా ఆ రాయి ఏ పని కోసం అక్కడికి వచ్చిందో ఆ పనిలోనే ఉండిపోయింది. 1790ల్లో జరిగింది వేరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, దిబ్బగా మిగిలిన స్తూపం నుంచి రాళ్లు ఇతర కట్టడాలకు తరలిపోయాయి. రెండుసార్లూ పాత రాయిని కదిపారు. మొదటిదాన్ని ఉద్ధరణ అని, రెండోదాన్ని ధ్వంసమని అనడానికి కారణం కదపడం కాదు, కదిపాక ఆ రాయి ఎవరి కోసం నిలబడిందన్నది. ఇవాళ పాత ఇంటి టేకు ద్వారబంధాన్ని ఊడదీసి ఏ హోటల్ గోడకో అలంకారంగా అమ్మేసేవారున్నారు. అది ఆ రెండో తరహా. అదే గుమ్మాన్ని చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు చేసి, చెక్కడమున్న పైకమ్మిని కొత్త ద్వారబంధానికి బిగించుకునేవారూ ఉన్నారు. శాస్త్రానికి వాళ్లు దగ్గర.

దూలాలు మార్చి, పెంకులు మార్చి, గచ్చు తవ్వి కొత్త నేల వేశాక అది ఆ పాత ఇల్లేనా అని ఇంకా గుంజాటన పడేవారికి బౌద్ధుల దగ్గర ఒక జవాబుంది. మిళిందుడనే యవన రాజుతో నాగసేనుడు చక్రమా రథం, ఇరుసా రథం, నొగా రథం అని ఒక్కొక్కటీ కాదనిపించి, వీటి కూర్పుకు పెట్టుకున్న పేరే రథమని తేల్చాడు. పేరు అలాంటిదేనని మనకూ తెలుసు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకీ, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకీ వెళ్లాయి. అయినా ఈ తోటల్లో కాసిన చిన్న రసం నూజివీడు రసంగానే అమ్ముడుపోతోంది. కానీ నాగసేనుడి వాదం ఇంటికి పూర్తిగా చాలదు. ఇంటి కూర్పులో కొయ్యా మట్టే కాదు, మనుషులూ ఉన్నారు. ఎవరు ఏ గడప దాటవచ్చు, ఎవరు ఎక్కడ ఆగాలి అన్న కట్టుబాటు ఇటుకంత గట్టిగా ఇంట్లో భాగం. దూలాలన్నీ మార్చి ఈ కట్టుబాటును అలాగే ఉంచితే ఇల్లు మారనట్టే. అసలు చూడాల్సింది దాన్ని.

గృహస్థు ఇంట్లో పంచసూనలనే ఐదు హింసాస్థానాలున్నాయని ధర్మశాస్త్రం చెబుతుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలీ, నీళ్లకుండ. వీటి దగ్గర తెలియకుండానే ప్రాణులు చస్తాయి కనుక ఆ దోషం పోవడానికి రోజూ పంచమహాయజ్ఞాలు చేయమని మనుస్మృతి విధించింది. మనుషుల మధ్య అన్ని గోడలు లేపిన ఆ గ్రంథంతో నాకు గట్టి పేచీ ఉంది. అయినా ఈ ఒక్క ఆలోచనకు తలవంచుతాను. ఎంత మంచి ఇల్లయినా ఎవరినో నలుపుతూనే నిలబడుతుందని, ఇంటివాడు దానికి రోజూ బాకీ తీర్చుకోవాలని ఒప్పుకునే నిజాయితీ అందులో ఉంది. లోపమల్లా ఆ లెక్కలోనే ఉంది. శాస్త్రకారుడు చీమల్ని, పురుగుల్ని లెక్కపెట్టాడు. ఆ ఐదు చోట్లా పొద్దస్తమానం వంగి పనిచేసిన ఆడమనిషిని లెక్కపెట్టలేదు. పాత వంటిల్లు ఎలా ఉంటుందో చూడండి. ఇంటికి వెనక భాగం, అటూ ఇటూ ఉమ్మడి గోడలు కనుక పక్కల కిటికీలకు వీల్లేదు, ఉన్న ఒక్క కిటికీ చేతివెడల్పు. పొయ్యి నేలమీద. తలెత్తితే వాసాలూ పెంకుల అడుగుభాగమూ నల్లగా మెరుస్తుంటాయి, తాకితే మసి వేలికి జిడ్డులా అంటుకుంటుంది. ఆ మసి పెంకులకు పట్టినన్నాళ్లూ కింద కూర్చుని ఊదుగొట్టం ఊదినవాళ్ల ఊపిరితిత్తులకూ పట్టింది. ఇళ్లలోని వంటపొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేదిళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. పంచసూనల్లో మొదటిదానికి అసలైన ప్రాయశ్చిత్తం అప్పుడు మొదలైందని నా నమ్మకం. అయితే చాలా ఇళ్లలో పొయ్యి మారింది కానీ వంటిల్లు మారలేదు, గ్యాసుబండ అదే చీకటి గదిలోకి వచ్చి కూర్చుంది. నిలబడి వండుకునే గట్టు, పొగా ఆవిరీ పోయే దారి, చేతికందే కుళాయి, పగలు దీపం అక్కర్లేని వెలుతురు, వీటిని సౌకర్యాల పద్దులో రాస్తుంటారు. యజ్ఞాల పద్దులో రాయాల్సినవి ఇవి.

వంటిల్లు దాటి పెరట్లోకి వెళ్తే లెక్క ఇంకా బరువెక్కుతుంది. బయట చేరిన మూడు రోజులు ఆడవాళ్లు గడిపిన పంచ మూల అక్కడే. పల్లెల్లో చాలా ఇళ్లకు అసలు మరుగుదొడ్డే ఉండేది కాదు, ఆడవాళ్లు చీకటి పడేదాకా ఉగ్గబట్టుకోవాలి. పట్నాల్లో వరుస ఇళ్లకు మరుగుదొడ్డి ఉన్నా దానికి వెనక సందులోంచి వేరే తలుపు. మలం ఎత్తే మనిషి ఇంటివాళ్ల కంట పడకుండా వచ్చి పోవడానికి ఆ తలుపు. ఆ తలుపును ఆలోచించి, కొలిచి, బిగించారు. అలాంటి దొడ్లను కట్టడాన్నీ, వాటిని మనుషులతో ఎత్తించడాన్నీ నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. మొదటి చట్టం వచ్చాక కూడా దొడ్లు ఉన్నాయి కనుకనే బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉద్యమం పొడి మరుగుదొడ్లను పలుగుపారలతో కూలగొట్టించింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ కూల్చివేతను నేను పవిత్రకార్యమనే అంటాను. ఇంటి లోపలే, నీళ్లతో శుభ్రమయ్యే, ఎవరి చేతులకూ మలం అంటని మరుగుదొడ్డి కట్టుకోవడం వల్ల ఇల్లు మైలపడుతుందని భయపడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారి భయాన్ని తీసిపారేయను. కానీ మైల ఎక్కడుంది? దేవుడి గదికి పదడుగుల దూరంలో పింగాణీ తొట్టి ఉండటంలో ఉందా, సాటిమనిషి నెత్తిన తట్ట పెట్టి వెనక తలుపులోంచి పంపడంలో ఉందా? మొదటిదాన్ని ఒక గోడతో, ఒక కిటికీతో, రోజూ ఒక బక్కెట్ నీళ్లతో సరిచేయవచ్చు.

ఇక్కడ బలమైన అభ్యంతరమొకటి వస్తుంది. మన కాలపు న్యాయంతో వందేళ్ల నాటి వాళ్లను బోనెక్కించడం తేలిక, వాళ్లకు తెలిసినంతలో వాళ్లు కట్టారు, ఆ ఇంట్లోనే కరువులో బంధువులకు అన్నం పెట్టారు, దాన్ని తూలనాడటం పితృద్రోహం కాదా? ఈ మాటలో నిజముంది. అరుగునే తీసుకోండి. పాలేరు దానిమీద కూర్చోకూడదు, కూలికొచ్చినవాళ్లు వాకిట్లోనే దోసిలి పట్టాలి. అదే అరుగుమీద బాటసారి రాత్రి పడుకున్నాడు, వీధిబడి పంతులు పిల్లలకు అక్షరాలు దిద్దించాడు, వానలో చిక్కినవాడు తలదాచుకున్నాడు. ఒకే రాతిపలకమీద ఆదరణా వెలివేతా పక్కపక్కనే ఉన్నాయి. పెద్దల్ని గౌరవించడమంటే వాళ్లు చేసిన మంచిని, వాళ్లు గీసిన గీత దాటించి ముందుకు తీసుకెళ్లడం. అరుగు కొట్టేసి కారుకు చోటు చేసి, ముందు ఇనుప గ్రిల్లు బిగించడం మామూలైపోయింది. దానివల్ల పాత వెలివేత పోలేదు, ఇప్పుడది అందరికీ వర్తించింది, అంతే. అరుగును ఉంచి, దానికి ఒక పక్క ముసలివాళ్లు పట్టుకుని ఎక్కే కమ్మి పెట్టి, కొరియర్ కుర్రాడి నుంచి మామిడికాయలు కోసే కూలీ దాకా ఎవరైనా కూర్చునేలా చేసినవారే తాతగారి పేరు నిలబెట్టినవారు.

ఇంకో సంగతి. పెద్దలు కట్టినట్టే ఉంచాలనేవారు, పెద్దలు స్వయంగా ఎంత మార్చారో మరచిపోతున్నారు. పాత ఇంటికి గుర్తుగా మనం చూపించే బంగాళా పెంకు ఈ నేలది కాదు. బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో పెట్టిన కార్ఖానాతో మొదలైన పెంకు అది. తాటాకు కప్పును, గూనపెంకును తీసి దాన్ని వేసుకున్న ముత్తాతలు ఆనాటి ఆధునికులు. వాళ్లు మార్చిన తీరులో నేర్చుకోవాల్సిందేదైనా ఉంటే, ఏది ఉంచాలో వాళ్లకు తెలిసి ఉండటం. నూజివీడు మామిడి రైతుకు ఈ వివేకం చేతిలో పని. ముదిరి కాపు తగ్గిన చెట్టును వేళ్లతో పెకలించడు. మొదలునూ ప్రధాన కొమ్మల్నీ ఉంచి పైభాగం నరికించి, కొత్త చిగుళ్లలో మంచివి ఏరి నిలుపుతాడు, రెండు మూడేళ్లు ఓపిక పడతాడు. గోడకు గోడ ఆనిన పాత ఇంట్లో మొదలు లాంటిది మండువా. పక్కల నుంచి వెలుతురు రాని ఇంటికి నడినెత్తిన ఉన్న ఆ ఖాళీయే ఊపిరి. గది కలిసొస్తుందని దానిమీద స్లాబో ఫైబర్ రేకో వేసేస్తే ఇల్లంతా పగలు కూడా ట్యూబులైటుకు బానిసవుతుంది, వేసవిలో ఉడుకుతుంది. గోడల సంగతీ అంతే. డంగు సున్నంతో కట్టి సున్నపు గార పూసిన గోడ నేలలోంచి చెమ్మ పీల్చి గాలికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. రెండు వానాకాలాల తర్వాత మోకాలెత్తున పూత ఉబ్బుతుంది, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది, పెచ్చు ఊడితే లోపల ఇటుక తెల్లని ఉప్పుతో పొడిపొడిగా రాలుతుంది. తాపీమేస్త్రి దాన్ని చెక్కేసి మళ్లీ సిమెంటే పూస్తాడు. సున్నంతో చేసే పని తెలిసిన మేస్త్రులు ఇంకా ఉన్నారు, వారిని వెతికి తెచ్చుకోవడం ఇంటిమీద భక్తి ఉన్నవారు చేయాల్సిన మొదటి పని. నచ్చిన ఆకారంలోకి ఒక పదార్థాన్ని బలవంతంగా నెట్టకుండా దాని స్వభావం తెలుసుకుని నడుచుకోవడం కూడా ధర్మంలో భాగమే.

ఉమ్మడి గోడ దగ్గర ఈ ధర్మం పరీక్షకు వస్తుంది. తమ్ముడు తన వాటా పడగొట్టి డాబా కట్టాలనుకుంటాడు. అతని స్థలం అతని ఇష్టం, కాగితం ప్రకారం తప్పులేదు. పడగొట్టిన మర్నాడు అన్న వాటా గోడను వీధిలోంచి చూడండి. ఇన్నాళ్లూ లోపలి గోడగా ఉన్నది ఇప్పుడు బయటి గోడ. దూలాలు లాగేసిన కన్నాలు, సగం తెగిన దీపపు గూడు, పొయ్యి ఉన్నచోట పొగచార, వానకు ఏ పూతా లేని మట్టి అతుకులు. అటు నుంచి ఆనుకున్న బరువు పోయాక గోడ బీట ఇస్తుంది. అన్నే మొదలుపెట్టినా ఇదే కథ. పెంకుల కప్పు తీసి పాత గోడలమీదే నాలుగంగుళాల కాంక్రీటు వేస్తే చదరపు మీటరుకు దాదాపు 250 కిలోల బరువు పడుతుంది. బంగాళా పెంకుల కప్పు అందులో మూడోవంతు కూడా ఉండదు. ఆ అదనపు బరువు మోసేది ఉమ్మడి గోడ, అంటే తమ్ముడి వాటా కూడా. స్వధర్మం, పరధర్మం అంటూ ఎంత విడగొట్టి మాట్లాడినా ఈ గోడ రెండు వైపులా ఒకేసారి నిలుస్తుంది, లేదా ఒకేసారి కూలుతుంది. అందుకే వరుస ఇంట్లో మరమ్మతును ఒక్క వాటాదారు నిర్ణయంగా నేను ఒప్పుకోను. పక్కవాడి గోడకు పూత వేయించడం, తన స్లాబుకు తన స్తంభాలు తానే లేపుకోవడం, చూరునీళ్లు పక్కింటి పునాదిలోకి పోకుండా గొట్టం పెట్టించడం ఇంటివాడి దయ మీద ఆధారపడాల్సినవి కావు. అవి తీర్చి తీరాల్సిన రుణం.

వాస్తు మాట రాకుండా మన దగ్గర ఇటుక కదలదు. వాస్తు నమ్మేవారి అభ్యంతరం ఇలా ఉంటుంది: ఎవరికి నొప్పి అన్నది మానవ లెక్క, ఇల్లు అంతకన్నా పెద్ద నియమాలకు లోబడి ఉంటుంది, ఆగ్నేయంలో పొయ్యి లేని ఇంట్లో ఎంత వెలుతురున్నా ప్రయోజనం లేదు. గ్రంథాన్నే ప్రమాణంగా తీసుకుందాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తు అధ్యాయముంది. ఏ వర్ణంవాడి ఇల్లు ఎంత కొలత ఉండాలో అందులో విధించారు, కింది వర్ణానికి వెళ్లేకొద్దీ ఇల్లు చిన్నది కావాలి. ఇవాళ ఏ వాస్తు సిద్ధాంతీ కులం అడిగి కొలత చెప్పడు, చెబితే ఎవరూ ఊరుకోరు. అంటే ఆ శాస్త్రంలో న్యాయం కానిదాన్ని మనం ఇప్పటికే వదిలేశాం, వదిలేసింది మానవ లెక్కతోనే. ఒక అధ్యాయంలో కొంత తీసేసే అధికారం మనస్సాక్షికి ఉన్నప్పుడు మిగతాదాన్ని పరీక్షించే అధికారమూ ఉంటుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలున్న సన్నని వాటాలో ఎనిమిది దిక్కులూ కుదరవు. అక్కడ ఆగ్నేయం కోసం వంటింటిని కిటికీ లేని మూలకు నెట్టడం దిక్పాలకుణ్ణి తృప్తిపరుస్తుందేమో, అక్కడ వండే మనిషిని మాత్రం మళ్లీ పాత మసిలోకే పంపుతుంది. గాలి, ఎండ, వాననీరు ఎటు పోతాయో చూసుకోమన్న మేరకు పాత గ్రంథాల మాట వినదగింది. అంతకు మించి నేను వెళ్లను.

రెండో వైపు నుంచీ ప్రశ్న వస్తుంది. ఈ ఊళ్లు అప్పట్లో ఉన్న కృష్ణా జిల్లాలోనే, ముదునూరులో 1940లో గోరా నాస్తిక కేంద్రం పెట్టి, కులాల మధ్య సహపంక్తి భోజనాలు నడిపి, 1947లో దాన్ని బెజవాడకు మార్చారు. ఆ దారిలో ఆలోచించేవారు అడుగుతారు: మనుషుల నొప్పే కొలత అయినప్పుడు మధ్యలో ధర్మం, యజ్ఞం, బాలాలయం ఎందుకు? మంచి ఇంజనీరు, మంచి చట్టం చాలవా? గోరా కదిలించిన పళ్లాలూ విస్తళ్లూ చాలామంది ఆస్తికుల ఉపన్యాసాలకన్నా ఎక్కువ పని చేశాయని ఒప్పుకుంటాను. కానీ పాత ఇంట్లో ఉన్నవారు తమ ఇంటిని ఇంజనీరింగ్ భాషలో ప్రేమించరు. గడపకు పసుపు రాసే చేతికి ఆ గడప దేవత. ఆ చేతికి, గడప ఎత్తు తగ్గిస్తే అత్తగారు తట్టుకుని పడరు అని చెప్పాలంటే గడపను తక్కువ చేసి మాట్లాడకూడదు. దేవుడికే బాలాలయం కట్టిన సంప్రదాయం నీది, గడప కదిపినంత మాత్రాన లక్ష్మి వెళ్లిపోదు అని ఆమె నమ్మకంలోంచే చెప్పాలి. నమ్మకం లోపలే మార్పుకు చోటుందని చూపడం నాకు మోసంగా తోచదు. ఆ చోటు నిజంగా ఉంది కనుకనే పైన ఇంతసేపు రాశాను.

మార్చే నిర్ణయం ఎవరిదన్నది మిగిలింది. విజ్ఞానేశ్వరుడి మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. దాని ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. ఇంటి యజమాని అని మనం పిలిచేవాడు పూర్తి యజమాని కాడు, తర్వాత పుట్టబోయేవారికి కూడా జవాబు చెప్పుకోవాలి. పాత ఇంటిని చూడటానికి ఇంతకన్నా మంచి దృష్టి నాకు తెలియదు. అయితే అందులో కూతురు లేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కూడా పుట్టుకతో వచ్చే ఆ హక్కు దక్కింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు చట్టమైంది. ఎన్టీఆర్ పేరు పెట్టుకున్న జిల్లాలోనే రెడ్డిగూడెం ఉంది. చట్టం మారి నలభై ఏళ్లయినా ఇంటి మరమ్మతు మాటల్లో ఆడపిల్ల చివరికే వస్తుంది. అన్నదమ్ములు కూర్చుని ప్లాను గీయించి, బ్యాంకు అప్పు దగ్గర సంతకం కావాల్సొచ్చినప్పుడు అక్కచెల్లెళ్లకు ఫోన్ చేస్తారు. పసుపు కుంకుమ కింద చీర పెట్టి హక్కు విడుదల రాయించుకుంటారు. ఆ ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నది వాళ్లూ వాళ్ల అమ్మా. చీకటి పడేదాకా ఆగింది వాళ్లు. పంచ మూలలో చాప వేసుకుని పడుకున్నది వాళ్లు. వంటిల్లు ఎటు తిరగాలో, స్నానాలగది తలుపు ఎక్కడ ఉండాలో, అమ్మ చివరి రోజుల్లో ఏ గదిలో పడుకుంటే మండువాలో వెలుతురు కనిపిస్తుందో వాళ్లకు తెలిసినంతగా అన్నదమ్ములకు తెలియదు. మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చే ముందే వాళ్లను పిలిపించాలి. ప్లాను కాగితం ఖాళీగా ఉన్నప్పుడే వాళ్ల ముందు పెట్టాలి, మొదటి గీత వాళ్లనే గీయమనాలి.